పెద్ద రాయా? తేట రాయా?

పిల్లలూ,

ఈ నెల ప్రశ్న మా జఫర్‌గఢ్ నుంచే వచ్చింది. ఎనిమిదవ తరగతి చదివే ఒక అమ్మాయి ఇలా అడిగింది: "సార్, మా అక్కకు పెళ్ళి కుదిరింది. నిశ్చితార్థానికి వజ్రపుటుంగరం కొనాలనుకుంటున్నారు. పెట్టగలిగిన డబ్బు ఇంతేనని నాన్న చెప్పాడు. ఆ డబ్బుకు పెద్ద రాయి వస్తుందట గాని, లోపల మచ్చ కనబడుతుందట. మచ్చ లేనిది కావాలంటే చిన్నది వస్తుందట. నానమ్మ పెద్దది కొనమంటుంది. అమ్మ చిన్నదైనా తేట రాయి కొనమంటుంది. ఎవరి మాట సరి?"

అత్తాకోడళ్ళ మధ్య తీర్పు చెప్పటం నాకు చేతకాదు! కాని ఈ తగాదా కొత్తది కాదు. మన తెలుగు నేల మీద దొరికిన వజ్రాల విషయంలోనే చక్రవర్తులకు సైతం ఈ చిక్కు వచ్చింది. ఆ సంగతులు వింటే జవాబు మీకే తోస్తుంది.

కృష్ణానది ఒడ్డున, నేటి పల్నాడు జిల్లాలో, కొల్లూరు అనే చోట పూర్వం వజ్రాల గనులుండేవి. ఇప్పుడా చోటు పులిచింతల జలాశయం నీటిలో మునిగి ఉన్నది. అక్కడి రాళ్ళు అమ్మకానికి గోలకొండ చేరేవి. అందుకే వాటికి గోలకొండ వజ్రాలని పేరు వచ్చింది. అంతేగాని గోలకొండ కోటలో గని ఏదీ లేదు.

టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు 17వ శతాబ్దంలో కొల్లూరు వచ్చి ఆ గనులు చూశాడు. 1665లో ఔరంగజేబు కొలువులో ఆయన ఒక గొప్ప వజ్రాన్ని చేత పట్టి చూశాడు. అది కొల్లూరులో దొరికిందనీ, మీర్ జుమ్లా దానిని షాజహానుకు కానుక ఇచ్చాడనీ, అప్పుడది 787 కారట్లకు పైగా తూగిందనీ రాశాడు. కాని దాని నిండా మచ్చలే! వెనిసు నగరం నుంచి వచ్చిన హోర్టెన్సియో బోర్జియో అనే పనివాడు, ఆ మచ్చలు పోయేదాకా రాయిని అరగదీశాడు. తీరా చూస్తే మిగిలింది సుమారు 280 కారట్లు. చక్రవర్తికి కోపం వచ్చి, కూలి ఇవ్వకపోగా పదివేల రూపాయలు జరిమానా వేశాడు.

మచ్చలు తీయటం అతని తప్పు కాదు. రాయిని నేర్పుగా చీల్చి ఉంటే, వచ్చిన ముక్కలు కూడా విలువైన వజ్రాలు అయ్యేవి. అతడు అంతా పొడి చేశాడు!

కొల్లూరులోనే దొరికిన మరొక రాయి 410 కారట్లు తూగింది. దానిని మద్రాసు గవర్నరు థామస్ పిట్ కొని లండను పంపాడు. అక్కడ దానిని సానపట్టటానికి సుమారు రెండేళ్ళు పట్టింది. చివరకు మిగిలింది 140.64 కారట్లు. అంటే మూడింట రెండు వంతులు పోయిందన్నమాట. కాని ఈసారి ఎవరికీ జరిమానా పడలేదు. పక్కన వచ్చిన ముక్కలు కూడా అమ్ముడుపోయాయి. ఆ తేట వజ్రాన్ని 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి, తమ బాలరాజు కోసం కొన్నాడు. "రీజెంటు" అనే పేరుతో అది నేటికీ పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉన్నది.

ఇక కోహినూరు సంగతి. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనలో దానిని చూడటానికి జనం విరగబడి వచ్చారు. చూసి ఉసూరుమన్నారు. ఇంత పెద్ద రాయికి మెరుపేదీ? మన దేశపు పనివారు బరువు పోకుండా, రాయి ఆకారాన్ని అనుసరించి సానపట్టేవారు. మరుసటి ఏడు, 1852లో, డచ్చి పనివారిని పిలిపించి దానిని తిరిగి సానపట్టించారు. ఆ పని 38 రోజులు సాగింది. అప్పటి లెక్కన 186 కారట్లున్న రాయి ఇప్పుడు 105.6 కారట్లు. నూటికి నలభై పాళ్ళకు పైగా పోయింది. మెరుపు మాత్రం వచ్చింది.

బరువు తగ్గితే మెరుపెలా వచ్చింది? వజ్రం తనంతట తాను వెలగదు. పైనుంచి వచ్చిన వెలుగును వంచి, లోపలి పలకల మీద ఒకటి రెండుసార్లు తిప్పి, మళ్ళీ పైకే పంపుతుంది. దీనినే పై తరగతులలో సంపూర్ణాంతర పరావర్తనం అని చదువుతారు. గాజు వక్రీభవన గుణకం సుమారు 1.5, వజ్రానిది 2.42. అందుకే వజ్రం ఈ పని గాజు కంటే బాగా చేస్తుంది. కాని అడుగు పలకలు సరైన కోణంలో ఉండాలి. రాయి మరీ పలచనైనా, మరీ లోతైనా వెలుగు అడుగు నుంచో పక్క నుంచో జారిపోతుంది. చిల్లి కుండలో నీళ్ళు పోసినట్లే.

ఇక పరిమాణం సంగతి లెక్క వేద్దాం. వజ్రాల బరువును కారట్లలో తూస్తారు. 5 కారట్లు 1 గ్రాము. కారటులో నూరవ వంతు ఒక సెంటు. ఇది పొలం కొలిచే సెంటు కాదు సుమా! చక్కగా సానపట్టిన గుండ్రని వజ్రం 1 కారటుదైతే సుమారు 6.5 మిల్లీమీటర్ల వెడల్పుంటుంది. 2 కారట్లదైతే 13 ఉంటుందా? ఉండదు, సుమారు 8.2 మాత్రమే! బరువు పొడవులోనూ, వెడల్పులోనూ, లోతులోనూ పంచుకోబడుతుంది గదా. కాని ధర ఇలా నెమ్మదిగా పెరగదు. బరువు రెండింతలైతే ధర నాలుగింతలని టావెర్నియే నాటి లెక్క. నేటి ధరలు అచ్చం ఆ లెక్కన లేకపోయినా, రాయి పెద్దదైన కొద్దీ ఒక్కొక్క కారటు ధర పెరగటం నేటికీ ఉన్నది. కనుక 1 కారటు కొనబోయేవారు 90 సెంట్ల రాయిని కూడా చూడాలి. వెడల్పులో తేడా పావు మిల్లీమీటరు కూడా ఉండదు, ధరలో తేడా బాగానే ఉంటుంది.

అయితే తేట రాయి కొనమన్న అమ్మే గెలిచిందా? తొందరపడకండి. వజ్రాలు భూమిలోపల ఎంతో లోతున పుట్టినవి. పుట్టేటప్పుడు ఇతర ఖనిజాల రేణువులు వాటిలో చిక్కుకుంటాయి, చిన్న బీటలు ఏర్పడతాయి. ఈ మచ్చలను 10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో పరీక్షించి తరగతులు నిర్ణయిస్తారు. భూతద్దానికి కూడా ఏమీ కనబడని రాయి చాలా అరుదు, ధర చాలా ఎక్కువ. కాని ఉంగరాన్ని భూతద్దంతో చూసేదెవరు? కంటికి కనబడని తేటదనం కోసం అప్పు చేయటం, మచ్చల రాయిని బరువు చూసి కొనటం—రెండూ దండగే.

కాబట్టి నా సలహా ఇది. మొదట సాన చూడండి. రాయిని అటూ ఇటూ తిప్పితే అన్ని వైపులా మెరవాలి. తరువాత జానెడు దూరంలో పెట్టి, పగటి వెలుగులో చూడండి. మచ్చ కంటికి ఆనకపోతే ఆ తేటదనం చాలు. అంచుదాకా పాకిన బీట ఉంటే మాత్రం వద్దు. వజ్రం మీద గీత పడదు గాని, దెబ్బ తగిలితే చీలుతుంది. ఈ రెండూ కుదిరాక, మిగిలిన డబ్బుకు ఎంత పెద్దది వస్తే అంత పెద్దది కొనండి. ఇక్కడ నానమ్మ మాట కూడా చెల్లుతుంది.

పెద్దలకు రెండు మాటలు. బంగారానికి చెప్పే 22 కారట్లు స్వచ్ఛతకు గుర్తు, వజ్రానికి చెప్పే కారటు బరువు. ఉంగరం మీద హాల్‌మార్కు బంగారానికే గాని రాతికి కాదు. అందుచేత రాతికి వేరుగా పరీక్షాపత్రం అడగండి. ప్రయోగశాలలో తయారైన వజ్రమా, గనిలోదా అన్నది అందులో ఉండాలి. రెండూ వజ్రాలే, ధరలో మాత్రం చాలా వ్యత్యాసం ఉంది. బిల్లులో రాతి బరువును తీసివేసి, బంగారం బరువుకే బంగారం ధర కట్టారో లేదో చూసుకోండి.

పిల్లలూ, మీకొక పని. అమ్మనడిగి కాస్త జొన్నపిండి ముద్ద తీసుకోండి. సమానమైన మూడు ఉండలు చేయండి. ఒకదానిని అలాగే ఉంచి, మిగిలిన రెండింటినీ కలిపి ఒకే ఉండ చేయండి. రెండింటి వెడల్పూ స్కేలుతో కొలవండి. పెద్ద ఉండ వెడల్పును చిన్నదాని వెడల్పుతో భాగిస్తే ఎంత వచ్చింది? సుమారు 1.26 వస్తే మీ కొలత సరియైనదే. ఎనిమిది ఉండలు కలిపితే ఎంత వస్తుందో ముందు ఊహించి, తరువాత కొలిచి నాకు రాయండి.

— మీ హెడ్మాస్టరు తాత, జఫర్‌గఢ్