జెల్ కన్నా ముందు కాలికి విశ్రాంతి

షుగరు రోగి కాలికి పుండు పడితే ఇంటివారు అడిగే మొదటి మాట, "సిస్టరుగారూ, పుండు మాన్పే ఖరీదైన జెల్ ఉందట, అది రాయించండి" అని. ఆ జెల్ మంచిదే. కాని ముందు చేయవలసినవి వదిలేసి దానిమీదే ఆధారపడటం కాలికే ప్రమాదమని నా అభిప్రాయం.

అందులో ఉండేది ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్, అంటే చర్మకణాలను పెరగమని ప్రేరేపించే ప్రొటీన్. మన లాలాజలంలో, కన్నీళ్లలో కూడా ఇది ఉంటుంది. (అలాగని పుండుకు ఉమ్మి రాయకూడదు, నోటి క్రిములు చేరతాయి.) అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ దీన్ని ఎలుకల లాలాజల గ్రంథుల్లో కనుగొన్నారు. ఇది ఎక్కించిన ఎలుకపిల్లలు త్వరగా కళ్లు తెరిచాయి. 1986లో ఆయనకు, రీటా లెవీ మోంటాల్చినీకి కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ ఈ ప్రొటీన్‌తో రీజెన్-డి అనే జెల్ తయారుచేసింది.

ఈ ప్రొటీన్ పుండు అంచునున్న కణాలకు అతుక్కుంటే అవి విభజన చెంది పుండును కప్పుతూ వస్తాయి. అయితే చీము పట్టిన పుండులోని ఎంజైములు దీన్ని విరిచేస్తాయి. చచ్చిన కండ మీద, రక్తం అందని చోట రాయడం చౌడు నేలలో ఊడ్పు ఊడ్చినట్టే.

ఓడలరేవు, కొమరగిరిపట్నం వైపు చెరువు గట్లమీద, కొబ్బరితోటల్లో చెప్పుల్లేకుండా తిరిగేవారు ఎందరో. స్పర్శ పోయిన కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పుండుతోనే నడిస్తే కొత్తగా వచ్చిన పలుచని చర్మం అడుగడుగునా చితికిపోతుంది. "కూర్చుంటే కూలి ఎలా?" అన్న ప్రశ్న న్యాయమైనదే. కాని కాలే పోతే కూలి శాశ్వతంగా పోతుంది. ఆ కొన్ని వారాలు ఇంటిల్లిపాదీ భారం పంచుకోవాలి.

కాబట్టి ముందుగా:
1. షుగరు అదుపులో పెట్టుకోవాలి.
2. చచ్చిన కండ డాక్టరుగారిచేత తీయించాలి. పసర్లు, సున్నం పెట్టరాదు.
3. కాలికి రక్తప్రసరణ చూపించుకోవాలి.
4. పుండుమీద బరువు పడకుండా తగిన చెప్పులు వాడాలి.

మరొక హెచ్చరిక. ఈ ప్రొటీన్ అతుక్కునే రిసెప్టరు కొన్ని క్యాన్సర్లలో అదుపు తప్పి పనిచేస్తుంది. ఊపిరితిత్తులు, పెద్దపేగు క్యాన్సర్లలో కొన్నిటికి దాన్ని అడ్డుకునే మందులే ఇస్తారు. అందుచేత ఎంతకీ మానని, అంచులు గట్టిపడిన పుండుకు ముక్క పరీక్ష చేయించకుండా జెల్ రాయవద్దు.

ఇవన్నీ చేశాక డాక్టరుగారు జెల్ రాసిస్తే తప్పక వాడండి. అప్పుడు దానికి పెట్టిన డబ్బు వృథా కాదు.