ఆజ్ఞతో పాటు ఆరా కూడ వలయును

రంగస్థల దీపములను నడపుటకై 1986లో అమెరికాలో రూపొందిన డీఎంఎక్స్ 512 అను ప్రమాణము, ఒక్క కేబులు గుండా సెకనుకు 2,50,000 బిట్ల వేగముతో 512 చానెళ్ల ఆజ్ఞలను వరుసగా పంపుచు, నేటికిని నాటకశాలలను, కచేరీ వేదికలను ఏలుచున్నది. అయితే అది ఆజ్ఞాపించునే కాని ఆలకింపదు. దీపము వెలిగినదో, తీగ తెగినదో కన్సోలు చెంత కూర్చున్నవానికి తెలియదు. సందేశమున దొరలిన దోషమును పసిగట్టు నిబంధనయు అందు లేదు. కావుననే ప్రాణాపాయకరములైన సాధనములను నడపుటకు తాను తగనని ఆ ప్రమాణమే స్పష్టముగ హెచ్చరించుచున్నది. ఆ హెచ్చరికను పెడచెవిని పెట్టి బాణసంచాను, పైకి క్రిందికి కదలు భారీ చట్రములను దానికి అప్పగించుట నా దృష్టిలో క్షమింపరాని సాహసము.

ఇక తీగలు కూర్చుటలోను, కనెక్టరు సరిపోయినదని డీఎంఎక్స్ కేబులుకు బదులు మైకు కేబులును తగిలించుట, దీపముల వరుస తుదను సంకేతములు వెనుదిరుగకుండ ఆపు 120 ఓముల టెర్మినేటరును మరచుట మన వేదికలపై సర్వసాధారణములు. తుదనుండి వెనుదిరిగిన సంకేతములు ముందువానితో కలసి, దీపములు అకారణముగ మినుకుమినుకుమనును.

ఆలకింపని ఆ లోపమును తీర్చు 2006 నాటి ఆర్‌డీఎం ప్రమాణము డీఎంఎక్స్ నడచు తీగజంటపైనే పరికరములనుండి ప్రత్యుత్తరములను రాబట్టుచు, ఉష్ణోగ్రతను, దీపము వెలిగిన గంటలను సైతము తెలుపగలదు. ప్రజాధనముతో నిర్మించు ప్రతి కళాభవనపు టెండరునందును ఈ సదుపాయమును తప్పనిసరి చేయవలయును.