పదునాలుగంకెల ఆరోగ్యము

మన ప్రభుత్వ వైద్యశాఖకు కొంతకాలమునుండి ఒక క్రొత్త జ్వరము పట్టియున్నది. దానికి అంకెల జ్వరమని పేరు పెట్టవచ్చును. ఈ మండలమున నెందరికి ఆరోగ్యసంఖ్య లిచ్చితిరి, ఆ మండలమున నెన్ని చీటీలు కంప్యూటరున కెక్కినవి అను విచారణయే పైనుండి క్రిందివరకు సాగుచున్నది గాని, ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున వైద్యుడు కూర్చున్నాడా, పాముకాటు మందు నిలువయున్నదా, కాన్పుగదిలో దీపము వెలుగుచున్నదా యని అంత పట్టుదలతో నడుగువారు కానరారు. రోగమునకు మందు కనుగొన్నవారిని లోకము కొలిచినది. రోగికి నంబరు కనుగొన్నవారు తమకును అట్టి పూజయే జరుగవలయునని కోరుచున్నట్లున్నది.

పూర్వాపరములు తెలియని పాఠకులకు నాలుగు మాటలు. 2020 ఆగస్టు 15వ తేదీన ఎఱ్ఱకోటపైనుండి ప్రధానమంత్రి నరేంద్ర మోదీగారు జాతీయ డిజిటల్ ఆరోగ్య పథకమును ప్రకటించిరి. దానిని మొదట ఆఱు కేంద్రపాలిత ప్రాంతములలో పరీక్షార్థము నడపిరి. వానిలో పుదుచ్చేరి యొకటి గనుక మన తెలుగు యానాము కూడ ఆ పరీక్షలో భాగస్వామియే. 2021 సెప్టెంబరు 27వ తేదీన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ అను పేర దానిని దేశమంతటికిని వ్యాపింపజేసిరి. పౌరునకు పదునాలుగంకెల సంఖ్య యొకటి యిత్తురు. ఏ ఆసుపత్రికి పోయినను ఆ సంఖ్యను బట్టి అతని పూర్వపు చీటీలు, రక్తపరీక్షలు, ఎక్సురే పటములు వైద్యుని కండ్లయెదుట నిలుచునట. ఆ సంఖ్యకు ‘ఆభా’ యని ముద్దుపేరు. ఆభ యనగా కాంతి. 2025 ఆరంభమునకే ఈ కాంతులు 70 కోట్లను దాటినవి. ఇన్ని కోట్ల కాంతులు వెలిగినను మన ఆసుపత్రుల వసారాలలో చీకటి యెంత తగ్గినదో చదువరులే చెప్పవలయును.

మేము యంత్రద్వేషులము కాము. ఈ సంగతి మొదటనే చెప్పనిచో, ఏ విమర్శ చేసినను ‘వీరు రైలు వచ్చిననాడు దయ్యమని పారిపోయిన ముసలమ్మల సంతతి’ యని కొట్టివేయువారు సిద్ధముగా నున్నారు. రోగి చరిత్ర ఒకచోట భద్రముగ నుండుట ఎంత మేలో తెలియగోరువారు శ్రీకాకుళము జిల్లా ఉద్దానమునకు పోయి చూడవచ్చును. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో మూత్రపిండముల వ్యాధి యేండ్ల తరబడి కుటుంబములను నమలుచున్నది. ఆ వ్యాధికి మూలకారణ మిదియని శాస్త్రజ్ఞు లింకను నిశ్చయముగ తేల్చలేదు. అచ్చటి కొబ్బరితోట కూలి ఒక శిబిరములో రక్తమిచ్చును. ఇంకొక యేడు సోంపేటలో నిచ్చును. ప్రాణము మీదికి వచ్చిననాడు విశాఖపట్టణము కింగ్ జార్జి ఆసుపత్రికి పోవును. రక్తములో క్రియాటినిన్ ఏ యేట నెంతయుండెను, ఎంత వేగముగ పెరిగెను అనుదానిని బట్టియే వైద్యుడు వ్యాధి నడకను గ్రహింపవలయును. ఆ చీటీలో, ఒకటి వానకు తడిసినది, ఒకటి చూరులో చెదలు తిన్నది, మూడవది మధ్యవర్తి చేతిలో మిగిలినది. ప్రతి వైద్యుడును కథను మొదటినుండి ప్రారంభించుచున్నాడు. ఇట్టివానికి పదేండ్ల లెక్క యొక్క క్షణములో చూపగల యంత్రము వచ్చినచో దానికి హారతి పట్టుటకు మేము ముందుందుము.

మా తగవు యంత్రముతో కాదు, యోజనతో. ఏది ముందు, ఏది వెనుక అను వివేకము ఈ యోజనలో కొఱవడినది. ‘ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగ’ మన్న సామెత మనవారు ఊరక పుట్టింపలేదు.

వ్రాయువా రెవరో ఆలోచింపుడు. ఢిల్లీలో గీసిన పటములో సమాచారము నదివలె దానంతట నది ప్రవహించును. పల్లెలో ఆ నదికి నీరు మోయునది ఏ.ఎన్.ఎం.; ఆమెకు తోడు ఆశా కార్యకర్త. గర్భిణుల లెక్కకు ఆర్.సి.హెచ్. పోర్టలు; క్షయరోగులకు నిక్షయ్; రక్తపోటు, మధుమేహములకు వేఱొకటి; టీకాలకు యూ-విన్; అంటువ్యాధుల కింకొకటి; నెలసరి నివేదికకు హెచ్.ఎం.ఐ.ఎస్. వీనికి తోడు రాష్ట్రము తన ముచ్చటకొలది చేర్చిన యాప్‌లు. ఒకే యిల్లాలి పేరు, వయస్సు, ఊరు ఇన్నిమారులు వ్రాయవలయును. యంత్రమును నమ్మని పై యధికారి ‘రిజిస్టరు కూడ నుంచుము’ అనును. కావున పగలు కాగితముపైనను రాత్రి ఫోనులోనను ఒకే లెక్క రెండుసార్లు వ్రాయబడుచున్నది. రోగి నాడి చూడవలసిన వ్రేళ్లు తెరమీద తిరుగుచున్నవి. ఈ స్త్రీల నొక్కమారైన పిలిచి ‘అమ్మా, ఏది తీసివేసిన మీకు సుకరమగును?’ అని యడిగి యోజన వేసినవారున్నచో వారి పేరు మేము సంతోషముతో ప్రకటింతుము.

పై నుండి దింపిన యోజనల గతి యేమగునో ఇంగ్లండువారు మనకంటె ముందే చవిచూచిరి. వారి జాతీయ వైద్యసంస్థకు 2002లో ఒక మహాసంకల్పము చేసికొనిరి. దేశమున కంతటికిని రోగుల చరిత్ర కంప్యూటరుల కెక్కవలెనని పెద్ద పెద్ద కంపెనీలకు గుత్తల నిచ్చిరి. ఆసుపత్రుల వైద్యులు మాకిది పనికిరాదని మొఱపెట్టుచుండగనే పని సాగించిరి. 2011లో ఆ పథకమును విప్పివేయుచున్నామని వారి ప్రభుత్వమే ప్రకటించినది. ఖర్చు సుమారు వేయి కోట్ల పౌనులు! పిమ్మట 2013లో కేర్ డాటా యని మఱియొకటి తలపెట్టి, ప్రజల చీటీలను వారికి సరిగ తెలుపకయే ప్రోగుచేయబోయి, అలజడి రేగగా 2016లో దానిని మూసివేసిరి. అంత ధనము, అంత చదువు, ఇంటింటికి టపా చేరు వ్యవస్థ గల దేశమునకే ఇట్లైనచో మన సంగతి యేమి?

ఇక స్వేచ్ఛ మాట. ఈ సంఖ్య తీసికొనుట స్వచ్ఛందమని సర్కారువారు పలుమారు సెలవిచ్చిరి. కాగితముమీద నది నిజమే. కాని 2021లో కోవిడ్ టీకాకై ఆధార్ చూపినవారిలో ననేకులకు తమ టీకా పత్రముమీద ఆరోగ్యసంఖ్య యొకటి అచ్చయి వచ్చినది. ఆ సంఖ్యను తాము కోరినట్లు వారికి జ్ఞాపకము లేదు! ఆసుపత్రి కిటికీ ముందు నూఱుమంది వెనుక నిలిచి, చంకలో జ్వరపు బిడ్డ నెత్తుకొన్న తల్లిని గుమాస్తా ‘ఫోనుకు వచ్చిన ఓ.టి.పి. చెప్పు’మని యడిగినప్పుడు ఆమె చెప్పు అంకెలను సమ్మతి యందుమా? న్యాయవాద వృత్తిలో నున్నవారము గనుక 1872 నాటి కాంట్రాక్టు చట్టమును జ్ఞాపకము చేయుచున్నాము. ముసలితనముచేతను, రోగముచేతను, మనశ్శరీరముల బాధచేతను వివేకము సన్నగిల్లినవానితో చేసికొన్న యొప్పందమును ఆ చట్టపు 16వ సెక్షను అనుమానపు దృష్టితో చూచును. పరదేశి పాలనలో వెలసిన ఆ చట్టమునకు తెలిసిన పాటి మనుష్యధర్మము స్వరాజ్యపు ఆసుపత్రి కిటికీకి తెలియవలదా? పైగా, చాల యిండ్లలో ఫోను ఒక్కటే. అది కూలికై హైదరాబాదు పోయిన కొడుకు జేబులో నుండును. తల్లి రోగము తెలుపు అంకెలు కొడుకు చేతిలో మ్రోగును. చెప్పుకొనరాని వ్యాధియైనచో ఆమె గతి యేమి?

సంకేతములే యందని తావులు వేఱుగ నున్నవి. పాడేరు మన్యములో నిండుచూలాలిని డోలీలో మోసికొని కొండలు దిగుచున్నారన్న వార్తలు పత్రికలలో ఏటేట వచ్చుచునే యున్నవి. ఆ డోలీ మోయువాని చేతికి తెఱమీది గళ్లచతురస్రపు బొమ్మ యిచ్చి ‘దీనిని చూపిన వరుసలో నిలువ నక్కఱలేదు’ అనుట పరిహాసము. 2021 మే 31వ తేదీ ఉత్తరువులో సుప్రీంకోర్టువారు కేవలము కంప్యూటరు నమోదును నమ్ముకొని టీకా లిచ్చినచో ఆ సాధనములు లేని పేదలు వెలియగుదురని కేంద్రప్రభుత్వమును హెచ్చరించిరి. ఆ హెచ్చరిక ఒక్క టీకాకే గాక ఆసుపత్రి గడపల కన్నిటికిని వర్తించును.

మా ముఖ్యమైన యాక్షేపణము రహస్యమును గూర్చినది. రోగి వైద్యునితో చెప్పిన మాట న్యాయవాదితో కక్షిదారుడు చెప్పిన మాటవంటిది. కుష్ఠు, క్షయ, మతిచాంచల్యము, గర్భస్రావము — ఒక్కమాట బయటపడిన పెండ్లి చెడును, కొలువు పోవును, అద్దె యిల్లు ఖాళీ చేయవలసి వచ్చును. గోప్యత పౌరుని ప్రాథమికస్వత్వమని 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులు పుట్టస్వామిగారి వ్యాజ్యములో ఏకగ్రీవముగ తీర్మానించిరి. అంతట ఆరోగ్యసమాచారమునకు ప్రత్యేక చట్టము చేయుటకై 2018లో ‘దిశ’ యను చిత్తుబిల్లును ఆరోగ్యశాఖవారే తయారుచేసిరి. అది చట్టము కాలేదు. దాని బదులు 2020 డిసెంబరులో ఒక విధానపత్రము వెలువడినది. విధానపత్రమనగా సర్కారు తనకు తాను వ్రాసికొన్న జాబు. దానిని ఉల్లంఘించినవానిని కోర్టుకు లాగుటెట్లో తెలిసిన న్యాయవాది మా యెఱుకలో లేడు.

2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినదిగదా యందురు. వచ్చినది, సంతోషము. కాని చదివి చూడుడు. 2019 నాటి బిల్లులో ఆరోగ్యవిషయములకు ప్రత్యేక రక్షణ యుండెను. 2023 చట్టములో అది మాయమైనది. కేంద్రప్రభుత్వము తన శాఖలలో తనకు నచ్చినదానికి, దేశభద్రత మొదలగు కారణములు చెప్పి, మినహాయింపు నిచ్చుకొనవచ్చును. తప్పు చేసినవానికి 250 కోట్ల రూపాయల వరకు దండుగ విధింపవచ్చును గాని ఆ సొమ్ము పోవునది భారత ప్రభుత్వ సంచితనిధికి. పరువు పోయిన రోగికి దమ్మిడీ రాదు. పూర్వము ఐ.టి. చట్టపు 43-ఏ సెక్షనుక్రింద కంపెనీలనుండి నష్టపరిహార మడుగుట కొక దారియుండెను. ఆ సెక్షనును తొలగించు నిబంధనను ఈ క్రొత్త చట్టములోనే చేర్చిరి! ఇల్లు దోచిన దొంగకు జుల్మానా వేసి, ఆ జుల్మానాను ఠాణా ఖజానాలో జమకట్టి, ఇంటివానిని పొమ్మన్నట్లున్నది. చేయనెంచినచో చేయవచ్చుననుటకు 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టమే సాక్ష్యము. ఆ యొక్క వ్యాధి విషయమున రోగి యనుమతి లేక పేరు వెల్లడింపరాదని అందు స్పష్టముగ వ్రాసిరి. ఒక రోగమునకున్న రక్షణ తక్కిన రోగములకేల లేదు?

దొంగలు రారను భ్రమ కూడ వలదు. 2022 నవంబరు 23వ తేదీన ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటరులపై దొంగలు పడి సర్వరులను స్తంభింపజేసిరి. దేశమునకు తలమానికమైన ఆ వైద్యశాల సుమారు రెండు వారములు కలము కాగితములతో నెట్టుకొనివచ్చినది. కాగితము వ్రాయుట మఱువని గుమాస్తాలుండిరి గనుక నెట్టుకొనివచ్చినది. 2018లో సింగపూరులో 15 లక్షలమంది రోగుల వివరములు దొంగిలింపబడినవి. వారిలో ఆ దేశపు ప్రధానమంత్రియే యొకడు. ఎస్తోనియా యను చిన్న దేశము మాత్రము 2008 మొదలు ఈ పనిని కొంత తెలివిగ నడపుచున్నది. తన చీటీని ఏ యుద్యోగి యెప్పుడు తెఱచి చూచెనో రోగి తానే చూచుకొనవచ్చును. చూచినవాని పేరు చెఱగిపోదు. అది పదమూడు లక్షల జనము గల దేశము, మనది నూటనలుబది కోట్లది యందురు. జనము హెచ్చుగా నుండుట జాగ్రత్త తగ్గుటకు కారణ మెట్లగును?

ఇంకొకటి. 2023 జనవరి 1వ తేదీన ఒక ప్రోత్సాహక పథకము మొదలైనది. రోగుల చీటీల నీ సంఖ్యకు జతపఱచిన ఆసుపత్రులకును కంపెనీలకును జతల లెక్కను బట్టి డబ్బు ముట్టును. ఒక్కొక్కరికి 4 కోట్ల రూపాయల వరకు రావచ్చును. జతపఱచిన చీటీలో వ్రాసినది సరియైనదా, దానిని చూచి యే వైద్యుడైన చికిత్స మార్చెనా యన్నది ఆ లెక్కలోనికి రాదు. 2017 నాటి ఆరోగ్యవిధానములో వైద్యమునకు ప్రభుత్వములు 2025 నాటికి జాతీయోత్పత్తిలో నూటికి 2.5 వంతున ఖర్చుపెట్టగలవని వాగ్దానము చేసిరి. 2021-22లో అది 1.84 మాత్రమే. పైకము తక్కువయైనప్పుడు ఏ పద్దు ముందు వ్రాయవలెనో గృహిణికి తెలియును.

మేము కోరునది క్లిష్టమైనది కాదు. పార్లమెంటు ముందుగా ఆరోగ్యసమాచారమునకు ప్రత్యేక చట్టము చేయవలయును. అందు పరిహారము రోగికి చెందవలయును. సంఖ్య లేదను నెపమున ఏ ప్రభుత్వ ఆసుపత్రియు రోగిని వెనుకకు పంపరాదని ప్రతి కిటికీమీదను తెలుగులో పెద్ద యక్షరములతో వ్రాయించి, కాగితపు వరుస నొకదానిని ఎల్లకాలము తెఱచియుంచవలయును. ఉన్న పోర్టలుల నొకటిగ జేయువఱకు క్రొత్త యాప్ ఒక్కటియు పుట్టరాదు. ఒకసారి వ్రాసినది రెండవసారి వ్రాయుమని ఏ.ఎన్.ఎం.ను నిర్బంధించిన యధికారి సంజాయిషీ యిచ్చుకొనవలయును. తెలంగాణములో 2022లో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాలలో ఇంటింటికి పోయి ప్రజల ఆరోగ్యవివరములు వ్రాసికొనిరి. అట్టి పరీక్షల ఫలితములను — ఎందఱికి రోగము బయటపడెను, వారిలో నెందఱికి మందు చేరెను — తెలుగులో నచ్చువేసి పఠనమందిరముల కంపవలయును.

ఈలోపల మన చేతిలోని పని మనము చేయుదము. ప్రభుత్వ ఆసుపత్రులకు అభివృద్ధి సంఘములు కలవు. వానిలో ప్రజాప్రతినిధులు కూర్చుందురు. సర్వరు నిలిచిననాడు ఓ.పి. చీటీ యెట్లు వ్రాయుదురు? గత నెలలో సంఖ్య లేక మఱలింపబడినవా రెందఱు? మా చీటీలను చూచు అధికార మెవరెవరికి కలదు? ఈ మూడింటిని వ్రాతమూలకముగ నడుగుడు. సమావేశపు తేదీ తెలియనిచో సూపరింటెండెంటుగారి కార్యాలయమున కాగితము దాఖలు చేసి, ముద్రవేసిన రసీదు పుచ్చుకొనుడు.