పెట్టెలో తెప్ప

ఉద్దానం తీరంలో పుట్టినవాడికి తెప్ప అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. నాలుగైదు తేలిక దుంగలు చెక్కి, పక్కపక్కన చేర్చి, తాళ్ళతో బిగిస్తే తెప్ప. దానికి గది లేదు, గోడ లేదు. కాబట్టి లోపలికి నీరొచ్చి మునిగే బెడదా లేదు. ఇంజను బిగించిన ఫైబరు పడవలు వచ్చి తెప్పల్ని చాలావరకు వెనక్కు నెట్టివేసినా, బారువ నుంచి భావనపాడు దాకా పెద్దవాళ్ళ నోట ఆ మాట ఇంకా ఆడుతూనే వుంది.

ఇంకొక తెప్ప వుంది. అది కంటికి కనపడదు. తెల్లటి పీపా వంటి పెట్టెలో మడతలు పడి నిద్రపోతూ వుంటుంది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని లైఫ్ రాఫ్ట్ అన్నారు. మనం గాలితెప్ప అందాం. ఓడల మీదా, తెరచాపతో సముద్రాలు దాటే యాట్‌ల మీదా దాన్ని వుంచుతారు. ఏటేటా, లేదా కంపెనీ చెప్పిన గడువుకు, దానికి సర్వీసు చేయించాలి. చేయించకపోతే వారంటీ చెల్లదు. ఈ వారం సంగతి అదే.

“యాట్‌తో మనకేం పనయ్యా?” అని పలాసలో జీడిపప్పు తూకం చూసుకునే పెద్దమనిషి అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మన పలాస, టెక్కలి చుట్టుపట్ల యాట్ గల ఆసామీ ఒక్కడైనా ఇంతవరకూ నాకు తగల్లేదు. కాని యాట్ మీద భూగోళం చుట్టివచ్చిన తెలుగు అమ్మాయిలున్నారు. 2017 సెప్టెంబరు 10న మన నౌకాదళానికి చెందిన ఆరుగురు యువతులు ‘తారిణి’ అనే సుమారు 55 అడుగుల తెరచాప పడవలో గోవా నుంచి బయలుదేరి, 2018 మే 21న తిరిగి అక్కడికే చేరారు. వారిలో స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్యది హైదరాబాదు. దారిలో స్టీరింగు మొరాయిస్తే మారిషస్‌లో ఆగి బాగుచేయించుకున్నారు. వందల మైళ్ళ దూరంలో మరో మనిషి లేని నీళ్ళలో, పడవే మోసం చేస్తే దిక్కు ఆ పెట్టెలోని తెప్పే గదా!

పైగా సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు ఊళ్ళలో ఓడ ఉద్యోగాలకు వెళ్ళిన కుర్రవాళ్ళకు తక్కువ లేదు. మా అక్కయ్య కొడుకు కూడా అందులో ఒకడు. కొన్నేళ్ళు ఓడల మీద చేసి, ఇప్పుడొక రేవు పట్టణంలో గాలితెప్పలు పరీక్షించే కేంద్రంలో పనిచేస్తున్నాడు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు, అరిసెలు నములుతూ, తన పని సంగతి విప్పి చెప్పాడు.

పెట్టెలో రబ్బరు పూత వేసిన గుడ్డతో చేసిన తెప్ప వుంటుంది. దానితోబాటు ఒక సిలిండరు. అందులో బొగ్గుపులుసు వాయువు, కొంచెం నత్రజని. ఆపద వచ్చినప్పుడు పెట్టెను నీళ్ళలోకి తోసి, దాని తాడు బలంగా లాగితే సిలిండరు మూత తెరుచుకుంటుంది. పెట్టె రెండుగా విడిపోయి తెప్ప ఉబ్బుతుంది. మామూలు వేడిమిలో ఒక్క నిమిషంలో అది నిండాలని అంతర్జాతీయ నిబంధన. గాలి నిండే గొట్టంలో కనీసం రెండు అరలుండాలి. ఒకటి చిల్లిపడినా రెండోది అందరినీ మోయాలి. పైన గుడారం వంటి కప్పు వుంటుంది.

లోపల సామాను కూడా వుంటుంది. దూర సముద్రాలకు వెళ్ళే ఓడల తెప్పలో మనిషికి లీటరున్నర మంచినీళ్ళు, గట్టి ఆహారం, ఎర్రమంట లేచే సంకేతాలు, ఎండను తళుక్కుమనిపించే అద్దం, ఒక ఈల, వాంతులకు మాత్రలు, చివరికి చేపలు పట్టే గాలం కూడాను. “గాలం కూడానా!” అని మా అక్కయ్య బుగ్గలు నొక్కుకుంది. సముద్రం మీద ఎన్నాళ్ళుండాలో ఎవరికి తెలుసు?

“సరే, ఇంత పకడ్బందీగా సీలు వేసిన పెట్టెను మళ్ళీ విప్పటం దేనికిరా?” అన్నాను.

“సీలు వేశారు గనకే, మామయ్యా. లోపల ఏం జరుగుతోందో ఎవరికీ కనపడదు” అన్నాడు.

ఎండకు జిగురు సడలుతుంది. ఉప్పుగాలి ఇనుమును తింటుంది. మడత పడ్డచోట గుడ్డ బీటలిస్తుంది. మాత్రలకూ, మంటలకూ, బాటరీలకూ గడువు తీరిపోతుంది. అందుకని ఓడల తెప్పల్ని 12 నెలలు దాటకుండా అనుమతి పొందిన కేంద్రంలోనే విప్పి చూడాలని నియమం పెట్టారు. 1912లో టైటానిక్ మునిగిన తర్వాత 1914లో దేశాలు కూడి చేసుకున్న సముద్ర భద్రతా ఒప్పందానికి వంశం పెరిగి, 1974 ఒప్పందంగా నేటికీ నడుస్తున్నది. ఈ నియమం ఆ వంశంలోదే. యాట్‌ల తెప్పలకు మాత్రం కంపెనీనిబట్టి గడువు మారుతుంది. కొన్నిటికి ఏడాది, కొన్నిటికి మూడేళ్ళు. ఏది మనదో చెప్పేది కార్డే.

సర్వీసులో తెప్పను నేలమీద పరచి, గాలి నింపి, గంటసేపు ఒత్తిడి నిలుస్తుందా అని చూస్తారు. అతుకులన్నీ వేళ్ళతో తడుముతారు. సిలిండరును తూకం వేస్తారు. లోపలి వాయువు తరిగితే తూకమే చెబుతుంది. అయిదేళ్ళకొకసారి సొంత సిలిండరుతోనే ఉబ్బించి చూస్తారు. పదేళ్ళు నిండిన తెప్పకు ఏటేటా ఇంకా ఎక్కువ ఒత్తిడి పెట్టి పరీక్షిస్తారు. మనుషులకు లాగే దానికీ వయసు మళ్ళిన కొద్దీ వైద్యుడి దగ్గరకు తిరుగుళ్ళు ఎక్కువన్నమాట.

పెట్టెను ఓడకు కట్టే చోట అరచేతంత పరికరం ఒకటుంటుంది. తాడు లాగే వ్యవధి కూడా లేకుండా ఓడ మునిగిపోతే, నాలుగు మీటర్ల లోతుకు దిగేలోపు నీటి ఒత్తిడికి అది కట్టు తెంచి పెట్టెను పైకి వదులుతుంది. సాధారణంగా దాని ఆయుష్షు రెండేళ్ళు. ఆ తర్వాత చూడటానికి నవనవలాడుతున్నా మార్చవలసిందే.

ఇక వారంటీ. “కార్డు మొదటి పేజీ కొన్నవాళ్ళు చదువుతారు, రెండో పేజీ గొడవ వచ్చాక చదువుతారు” అన్నాడు మా వాడు. మొదటి పేజీలో కంపెనీ ఇచ్చే మాట వుంటుంది. రెండో పేజీలో మనం ఇచ్చే మాట. గడువు దాటకుండా సర్వీసు చేయిస్తాం, కంపెనీ ఒప్పుకున్న కేంద్రంలోనే చేయిస్తాం, ఒప్పుకున్న విడిభాగాలే వేయిస్తాం, సీలు మన చేత్తో తెంచం, ప్రతిసారీ ఇచ్చిన సర్టిఫికెట్టు భద్రంగా దాస్తాం. ఇందులో ఒకటి తప్పినా మొదటి పేజీకి బలం పోతుంది.

ఒక యాట్ ఆసామీ కథ చెప్పాడు. తెప్ప ఖరీదైనది. సర్వీసు కేంద్రం దూరం, రవాణా ఖర్చు బరువు. పెట్టె మెరుస్తూనే వుంది గదా అని రెండు గడువులు దాటవేశాడు. తర్వాత విప్పి గాలి కొడితే అతుకు దగ్గర ఊడి వచ్చింది. తయారీలోనే జిగురు సరిగా పట్టలేదని ఆయన వాదన. కావచ్చు కూడా! కాని జిగురుది తప్పో, ఎండది తప్పో తేల్చే సాక్ష్యం ఏదీ? మొదటి సర్వీసులోనే ఎవరైనా చూసి కాగితం మీద రాసివుంటే కంపెనీ నోరు మెదపలేకపోయేది. ఆ కాగితం లేదు. కొత్త తెప్ప కొనుక్కున్నాడు. “అయినా అదృష్టవంతుడు, మామయ్యా. సముద్రం మీద గాక మా నేలమీద ఊడింది” అన్నాడు మా వాడు.

ఆ మాటకు అక్కయ్య చేతిలో పళ్ళెం ఒక్క క్షణం ఆగింది. కొడుకు ఎన్నేళ్ళు ఎన్ని ఓడల మీద తిరిగాడో, ఆ ఓడల తెప్పల్ని ఎవరు విప్పి చూశారో, ఆమె ఎన్నడూ అడగలేదు. తల్లులకు వారంటీ కార్డు ఎవరిస్తారు?

1979 ఆగస్టులో ఇంగ్లండు దగ్గర ఫాస్ట్‌నెట్ యాట్ పందెం తుపానులో చిక్కింది. బయలుదేరిన 303 యాట్‌లలో 24 యాట్‌లను మనుషులు వదిలేశారు. 15 మంది పోటీదారులు చనిపోయారు. నమ్ముకున్న తెప్పలు కొన్ని తిరగబడ్డాయి, కొన్ని విచ్ఛిన్నమయ్యాయి. వదిలేసిన యాట్‌లలో మునిగినవి అయిదే. తక్కినవి తేలుతూ దొరికాయి. అప్పటినుంచి పడవ నిజంగా మునిగేదాకా దాన్ని వదలవద్దనీ, తెప్పను కొన్నంత మాత్రాన ప్రాణం దక్కినట్టు కాదనీ ఆ లోకానికి తెలిసివచ్చింది.

పండుగ వెళ్ళిన వారం భావనపాడు ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక వృద్ధుణ్ణి పలకరించి ఈ సంగతంతా చెప్పాను. ఆయన నవ్వాడు.

“మా కాలంలో ఏటకెళ్ళొచ్చిన్నాడల్లా తెప్పిప్పీసి, దుంగలు ఇసకలో ఆరేసేవోళ్ళం బాబూ. తెల్లారి మళ్ళీ కట్టుకోడమే. ఆరెయ్యకపోతే దుంగ నీరు తాగీస్తాది. మరింక తేలదు.”

“అంటే రోజూ సర్వీసే కదా, తాతా!”

“దానికి కార్డులేటి బాబూ? నా పేణం, నా సెయ్యీ.”

నాకు ఆ మాటలో మొత్తం విషయం దొరికింది. దుంగతెప్పను కట్టినవాడూ, ఎక్కినవాడూ, విప్పి చూసినవాడూ ఒక్కడే. కాబట్టి కార్డుతో పని లేదు. గాలితెప్పను ఒకడు ఎక్కడో చేస్తాడు, ఇంకొకడు అమ్ముతాడు, వేరొకడు ఎక్కుతాడు. మధ్య తెగిన ఆ చూపును తిరిగి కలిపేదే తేదీ వేసిన కాగితం. సర్వీసును దండగ ఖర్చని మనం అనుకుంటాంగాని, అది ఆ వృద్ధుడు రోజూ ఇసకలో చేసిన పని. ఇప్పుడు డబ్బిచ్చి చేయించుకుంటున్నాం.

మన ఇళ్ళలోనూ పెట్టెలో తెప్పలున్నాయి సుమా. గ్యాసు పొయ్యి రబ్బరు గొట్టాన్ని అయిదేళ్ళకు మార్చమంటారు. దానిమీద తేదీ అచ్చువేసి వుంటుంది. వంగి చూసినవారెందరు? దుకాణం గోడమీద ఎర్రగా వేలాడే అగ్నిమాపక సిలిండరు ముల్లు ఎక్కడున్నదో యజమానికి తెలుసా? అవసరం పడేదాకా ఇవన్నీ బాగున్నట్టే కనబడతాయి.

కాగితాల సంగతీ ఆలోచించాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర ఒడ్డు తాకినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలే నేలకొరిగాయి. ఇక రేకుల ఇంట్లో బిస్కెట్ల డబ్బాలో దాచిన బిల్లు నిలుస్తుందా? బిల్లు, కార్డు, సర్వీసు చీటీ వీటిని ఫోనులో ఫొటో తీసి, వేరే ఊళ్ళో వున్న అన్నకో, ఆడపడుచుకో ఒక నకలు పంపి వుంచాలి.

వారంటీ వుండి కూడా కంపెనీ మొండికేస్తే చట్టం వుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఎక్కడ కొన్నా మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల రూపాయల లోపయితే రుసుము లేదు. వివాదం పుట్టిన రెండేళ్ళలోగా వెళ్ళాలి. వ్యాపారానికి కొన్న సరుకుకు ఈ చట్టం వర్తించదుగాని, తన చేతులతో పనిచేసి పొట్టపోసుకోవటానికి మాత్రమే కొన్నదాన్ని వ్యాపారం కింద లెక్కించరు. అంటే తన పడవకు తాను ఇంజను కొనుక్కున్న మత్స్యకారుడికీ ఈ తలుపు తెరిచే వుంది. అక్కడ కూడా మొదట అడిగేది ఆ కాగితాలే.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో వలలు అల్లుతారు, పడవలకు రంగు వేస్తారు. ఇంజను కార్డులో సర్వీసు తేదీ దాటిందా, లైఫ్ జాకెట్టు పట్టీ చివికిందా అని చూసుకోవటానికి అంతకన్నా మంచి ముహూర్తం లేదు. ఇళ్ళలో వున్నవారికి ముహూర్తం కూడా అక్కరలేదు. ఈ పత్రిక పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళి, ఆ రబ్బరు గొట్టం మీద ఏ సంవత్సరం అచ్చయివుందో చూసి రండి.