నాలుగు పైసలకు మనిషి వివరాలు

బాచుపల్లి : ఇంటర్ పరీక్షలు పూర్తికాక ముందే పల్లెల్లో ఫోన్లు మోగడం మొదలవుతుంది. అవతలి వారు పిల్లవాడి పేరు చెబుతారు, చదువుతున్న గ్రూపు చెబుతారు, ఫలానా కోచింగులో సీటు ఉంది వెంటనే చేర్చండి అంటారు. తమ నంబరు వారికి ఎలా చేరిందో తండ్రికి అంతుపట్టదు. హాస్టళ్లతో కూడిన ప్రైవేటు కళాశాలలు బాచుపల్లి, నిజాంపేట ప్రాంతాల్లో వెలసిన నాటి నుంచి ఇక్కడికి పిల్లలను పంపే కుటుంబాలకు ఈ అనుభవం కొత్త కాదు. ఫోను పెట్టేసి ఊరుకోవడం అలవాటయింది. కాని ఆ నంబరు ఎక్కడి నుంచి పోయిందన్న ప్రశ్నకు 2023 మార్చిలో కొంత జవాబు దొరికింది.

ఆ నెలలో సైబరాబాద్ పోలీసులు ఏడుగురిని అరెస్టు చేశారు. దేశంలోని 16.8 కోట్ల మంది వివరాలు వీరి వద్ద అమ్మకానికి ఉన్నాయని ప్రకటించారు. వైద్య విద్య ప్రవేశానికి నీట్ పరీక్ష రాసిన విద్యార్థుల వివరాలు అందులో ఉన్నాయి. పాన్ కార్డుదారులు, బ్యాంకు రుణాలకు దరఖాస్తు చేసుకున్న వారు, ప్రభుత్వోద్యోగులు ఉన్నారు. చివరకు 2.55 లక్షల మంది రక్షణ సిబ్బంది హోదా, పనిచేసే చోటు కూడా ఉన్నాయి. 50 వేల మంది వివరాలను 2 వేల రూపాయలకే అమ్మినట్లు దర్యాప్తులో తేలిందని పోలీసులు చెప్పారు. లెక్క కడితే మనిషికి నాలుగు పైసలు. దాదాపు అంగట్లో అగ్గిపుల్లంత చౌక.

పది రోజులు తిరక్కుండానే మరో వార్త వెలువడింది. హర్యానాలోని ఫరీదాబాద్ నుంచి వ్యాపారం నడిపిన వ్యక్తి ఒకరు పట్టుబడ్డాడు. అతని వద్ద 24 రాష్ట్రాలకు, 8 మహానగరాలకు చెందిన 66.9 కోట్ల మంది, సంస్థల వివరాలు ఉన్నాయన్నారు. హైదరాబాద్ నగరం వాటా 56 లక్షలు, ఆంధ్రప్రదేశ్ వాటా 2.10 కోట్లు. ఉత్తరప్రదేశ్‌కు చూపిన 21.39 కోట్ల అంకె దాదాపు ఆ రాష్ట్ర జనాభా అంత ఉన్నదంటే ఒకే పేరు పలు జాబితాల్లో పదేపదే లెక్కకు వచ్చి ఉండవచ్చు. అయినా ఆందోళన తగ్గదు. పదిచోట్ల పేరున్న మనిషి గురించి కొన్నవాడికి పది సంగతులు తెలిసినట్లే కదా.

ఇన్ని వివరాలు ఒకే గోదాము నుంచి దొంగిలించినవి కావు. సేకరించే దారులు అనేకం. సంస్థలలో పనిచేసే వారు కాపీ చేసి అమ్మేది కొంత. మనం ఒక పనికి ఇచ్చిన కాగితం మరో పనికి చేతులు మారేది కొంత. ఇక చేతిలోని ఫోను తనంతట తానే చెప్పేది మరికొంత. ఇంటర్నెట్‌లో ట్రాక్టరు ధర వెతికిన రైతుకు మరునాడు పాట వింటున్నా, వార్త చదువుతున్నా ట్రాక్టరు ప్రకటనే కనిపిస్తుంది. వెబ్‌సైటు తెరిచినప్పుడు అది ఫోనులో ఒక చిన్న గుర్తు వదిలిపెడుతుంది. ఆ తరువాత ఏ పేజీ చూసినా ప్రకటనల కంపెనీ ఆ గుర్తును బట్టి ఫలానా ఫోనే అని పోల్చుకుంటుంది. ఊళ్లో కిరాణా సేటు కూడా ఎవరింట ఏం వాడతారో ఎరుగును. కాని ఆయన పద్దు పుస్తకం కొట్టు దాటి పోదు. ఈ పద్దు అలా కాదు, రోజూ ఎక్కడెక్కడో తిరుగుతుంది.

పద్దు ప్రకటనలతో ఆగిపోతే ఇంత చర్చ అవసరం ఉండేది కాదు. 2020 చివర రుణ యాప్‌ల వ్యవహారం బయటపడినప్పుడు తెలంగాణలో ప్రాణాలే పోయాయి. అయిదు వేలు, పది వేలు అప్పిచ్చే ముందు ఆ యాప్‌లు ఫోనులోని పేర్ల జాబితా, ఫోటోలు చూసేందుకు అనుమతి తీసుకున్నాయి. వాయిదా తప్పిన వెంటనే బంధువులకు, స్నేహితులకు ఫోన్లు చేసి పరువు తీశాయి. కొందరు ఆత్మహత్యకు పాల్పడ్డారు. సైబరాబాద్, హైదరాబాద్ పోలీసులు కాల్ సెంటర్లపై దాడులు చేసి పలువురిని అరెస్టు చేశారు. అప్పిచ్చే యాప్‌లు ఫోనులోని పేర్లు, ఫోటోలు చూడరాదని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది 2022లో. అప్పటికి జరగవలసిన నష్టం జరిగిపోయింది.

స్మార్టు ఫోను లేని వారికి ఈ బెడద లేదనుకోవడం పొరపాటు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో బయటపడిన సంగతి ఇందుకు నిదర్శనం. భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజులపై కొన్నవారు, అమ్మినవారు వేలిముద్ర వేస్తారు. ఆ దస్తావేజుల నకళ్లు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో దొరికేవి. సిమ్ కార్డులు అమ్మే వ్యక్తి ఒకడు వాటిని దించుకుని, వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేయించి, ఎవరెవరి పేర్లతోనో వేల సంఖ్యలో సిమ్‌లు ప్రారంభించాడు. అమ్మకాల లక్ష్యం చేరడమే అతని ఉద్దేశమని విచారణలో తేలింది. కంపెనీ మెప్పు కోసం చేసిన పని గనుక అప్పటికి సరిపోయింది. అదే ముద్రతో బ్యాంకు మిత్ర వద్ద ఆధార్ ద్వారా నగదు కూడా తీయవచ్చు. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం. బొటనవేలు ఎక్కడ మార్చుకునేది?

ప్రైవేటు వారి సంగతి ఇది. ప్రభుత్వం వద్ద పోగుపడిన వివరాలు మరో రకమైన చిక్కు తెచ్చాయి. 2014 ఆగస్టు 19న జరిగిన సమగ్ర కుటుంబ సర్వే పల్లెవాసులు మరచిపోయేది కాదు. ఇంట్లో లేకపోతే పథకాలు పోతాయన్న భయంతో బొంబాయి, సూరత్ వలస వెళ్లిన వారు సైతం బస్సుల పైకప్పులెక్కి ఊళ్లకు చేరుకున్నారు. అటు తరువాత ప్రభుత్వం వివిధ శాఖల జాబితాలను కంప్యూటరులో ఒకదానితో ఒకటి జోడించి అనర్హులను ఏరే పద్ధతి తెచ్చింది. దొంగ కార్డులు ఏరివేయాలన్న ఉద్దేశాన్ని ఎవరూ తప్పు పట్టరు. అయితే రాష్ట్రంలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. పేరు పోలిన మరొకరి కారును పేదవాని లెక్కలో వేసిన సందర్భాలు కూడా ఉన్నాయి. రద్దయిన కార్డులపై క్షేత్రస్థాయిలో తిరిగి విచారణ జరపాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. ఇంటికి వచ్చి చూసిన గ్రామాధికారితో వాదించవచ్చు. కంప్యూటరుతో వాదించేదెవరు?

ఇక చట్టం మాటకొస్తే, వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. దానికి తగిన చట్టం పార్లమెంటు చేసింది 2023 ఆగస్టులో. అమలు నియమాలు వెలువడింది 2025 నవంబరులో. సంస్థలు పాటించవలసిన ముఖ్యమైన బాధ్యతలకు అప్పటి నుంచి మరో 18 నెలల గడువు ఇచ్చారు. అంటే 2027 మే దాకా ఆగాలి.

చట్టంలో మంచి లేకపోలేదు. ఏ వివరం ఎందుకు తీసుకుంటున్నదీ తెలుగుతో సహా షెడ్యూలులోని 22 భాషల్లోనూ తెలుసుకునే వీలు సంస్థ కల్పించాలి. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. వివరాలు కాపాడలేని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. కాని ఆ సొమ్ము చేరేది కేంద్ర ఖజానాకే. నష్టపోయిన రైతుకు అందులో పైసా లేదు. పైగా ఉత్తుత్తి ఫిర్యాదు చేశారని తేలితే ఫిర్యాదుదారుకే 10 వేల దాకా జరిమానా! ప్రభుత్వ సంస్థలకు పలు మినహాయింపులు ఇవ్వడంపై చట్టం వచ్చిన నాటి నుంచే విమర్శలున్నాయి.

ఈలోగా ఎవరి జాగ్రత్త వారిదే అవుతోంది. ఆధార్ వేలిముద్రను ఎవరూ వాడకుండా తాళం వేసుకునే వీలు ఆధార్ వెబ్‌సైటులోను, యాప్‌లోను ఉంది. రేషను తీసుకునే రోజు తీసి, మళ్లీ వేయవచ్చు. ఆధార్ నకలు ఇవ్వవలసి వస్తే మొదటి ఎనిమిది అంకెలు కనబడని నకలు అదే వెబ్‌సైటులో దొరుకుతుంది. సందేహాలకు 1947 నంబరు ఉంది. ఖాతాలో డబ్బు పోయినట్లు తెలిస్తే 1930కి వెంటనే ఫోను చేయాలి. సొమ్ము మరో ఖాతాకు దాటకముందే ఆపగలిగే అవకాశం తొలి గంటల్లోనే ఎక్కువ.

అయితే ఈ తాళం వేయాలంటే ఆధార్‌కు జోడించిన ఫోను నంబరు పనిచేస్తూ ఉండాలి. పల్లెల్లో చాలామంది ముసలివారి ఆధార్‌కు ఉన్నది ఎప్పుడో పోయిన సిమ్ నంబరో, పట్నంలో ఉన్న కొడుకు నంబరో. తాళం వేయాలంటే ముందు దాన్ని మార్పించుకోవలసిందే.