టేక్ అప్ అంటే ఎత్తుకోవడమేనా?

తెలుగు పంతులుకు ఇంగ్లీషు గొడవ ఎందుకంటారా? జగిత్యాల, కోరుట్ల వైపునుంచి గల్ఫ్ వెళ్ళే కుర్రవాళ్ళు ఇంటర్వ్యూ ప్రశ్నలకు అర్థం అడగడానికి నా దగ్గరకూ వస్తుంటారు. ఒకడన్నాడు: "టేక్ అంటే తీసుకొనుడు, అప్ అంటే పైకి. నౌకరీని పైకెట్ల ఎత్తుకోవాలె సార్?"

రెండు మాటలు కలిస్తే మూడో అర్థం పుడుతుంది. ఉద్యోగం టేక్ అప్ చేస్తే చేరినట్టు. బీరువా చోటు టేక్ అప్ చేస్తే ఆక్రమించినట్టు. దర్జీ పాంటును టేక్ అప్ చేస్తే పొట్టి చేసినట్టు. సిరిసిల్ల మరమగ్గాల్లోనూ టేక్ అప్ ఉంది. నేసిన బట్టను రోలరుకు చుట్టే ఏర్పాటు అది. పడుగును వదిలే ఏర్పాటు లెట్ ఆఫ్. రెంటికీ పొత్తు కుదరకపోతే బట్ట చెడుతుంది.

మన "చేపట్టు" మాత్రం తక్కువదా? పనినీ చేపడతాం, పిల్లనూ చేపడతాం! పక్కమాటను చూసి అర్థం పోల్చుకుంటాం. ఇంగ్లీషుకూ అదే కిటుకు. "వెన్ కెన్ యూ టేక్ అప్ ద జాబ్?" అంటే చేరే తేదీ చెప్పాలి. అప్పు చేసి ఇంటర్వ్యూకు వెళ్ళిన కుర్రవాడు ఆ ప్రశ్నకు బిక్కమొహం వేస్తే ఎంత నష్టమో ఇంట్లోవాళ్ళకు తెలుసు.