పొడిగించిందీ వారే, పొమ్మన్నదీ వారే

కోనరావుపేట: వెనుకటి రోజుల్లో ఉగాదికి జీతగాన్ని కుదుర్చుకునే రైతు కూడా నలుగురిలో కూర్చుని లెక్క మాట్లాడుకునేవాడు. ఏడాదికి వడ్లెన్ని, పైకమెంత, నడుమ వాడు మానితే ఏమిటి, తాను మాన్పిస్తే ఏమిటి అన్నది ముందే తేల్చుకునేవారు. దేశంలో ఫుట్‌బాల్ ఆటకు పెద్దదిక్కయిన అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకు ఆపాటి ముందుచూపు కూడా లేకపోయింది. దాని ఖరీదు 4 లక్షల డాలర్లు. అప్పటి మారకం లెక్కన సుమారు 3 కోట్ల 36 లక్షల రూపాయలు.

క్రొయేషియాకు చెందిన ఇగోర్ స్టిమాచ్ 2019 మే నెలలో భారత జట్టు కోచ్‌గా వచ్చారు. ఆయన చేతగానివాడని అనడానికి వీల్లేదు. 2023లో మూడు టోర్నమెంట్లు గెలిచి జట్టు ప్రపంచ ర్యాంకుల్లో 99వ స్థానానికి చేరింది. అది చూసి మురిసిపోయిన సమాఖ్య ఆ ఏడాది అక్టోబరులో ఆయన ఒప్పందాన్ని 2026 జూన్ దాకా పొడిగించింది. అసలు పరీక్షలు ఇంకా ముందున్నాయి. 2024 జనవరిలో జరిగిన ఆసియా కప్‌లో మూడు మ్యాచులు ఆడి మూడూ ఓడింది మన జట్టు. ఒక్క గోలూ చేయలేదు. మార్చి 26న గౌహతిలో, సొంత గడ్డ మీద, సునీల్ ఛెత్రి 150వ మ్యాచ్ నాడు ఆఫ్ఘనిస్తాన్ చేతిలో 1-2 తేడాతో ఓడిపోయింది. కోచ్ దిగిపోవాలని స్టేడియంలోనే కేకలు వేశారు. జట్టును ప్రపంచ కప్ అర్హత పోటీల మూడో దశకు చేర్చలేకపోతే తానే తప్పుకుంటానని స్టిమాచ్ అంతకుముందు చెప్పి ఉన్నారు కూడా. జూన్ 11న దోహాలో ఖతార్ మీద ఓటమితో ఆ ఆశ తీరిపోయింది. బంతి గీత దాటి బయటికి పోయినా రిఫరీ చూడనందున ఖతార్‌కు ఒక గోలు దక్కింది. ఆ అన్యాయం వేరే సంగతి. ఆయన తప్పుకోలేదు, జూన్ 17న సమాఖ్యే తొలగించింది.

అక్కడి నుంచి అసలు పేచీ మొదలైంది. మూడు నెలల జీతం ఇచ్చి పంపుదామని సమాఖ్య అనుకుంది. ఒప్పందం ఇంకా రెండేళ్లు ఉంది కదా, నా బాకీ మాటేమిటని ఆయన అడిగారు. చివరకు పైన చెప్పిన సొమ్ముకు రాజీ కుదిరింది.

అభిమానుల కోపం కోచ్ మీదనే కురిసింది. ఓడినవాని మీద కోపం రావడం సహజమే. కానీ ఆయన అడిగింది కాగితం మీద ఉన్నదే. ఆ కాగితం రాసిందెవరు? ఆసియా కప్ ముగిసేదాకా, మూడు నెలలు ఆగలేక సంతకం చేసిందెవరు? మన జూనియర్ కాలేజీల్లో పాఠాలు చెప్పే గెస్టు లెక్చరరు ప్రతి వేసవిలో కొనసాగింపు ఉత్తర్వు కోసం కళ్లు కాయలు కాసేలా చూడవలసిందే. పరీక్షా ఫలితాలు బాగున్నా ఆయనకు భరోసా లేదు. ఇక్కడేమో ఫలితం రాకముందే రెండున్నరేళ్ల భరోసా. రెండూ సర్కారు బడి లెక్కలు కావని కొందరు అనవచ్చు. నిజమే, కానీ తూకంలో ఇంత తేడా ఉండకూడదు కదా.

కోచ్‌ను మార్చినంత మాత్రాన ఆట మారిందా అంటే అదీ లేదు. 2024 జూలైలో స్పెయిన్ వాడైన మనోలో మార్కెజ్‌ను తెచ్చారు. ఈయన మనవారికి కొత్త కాదు. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్.సి.ని ఐ.ఎస్.ఎల్. విజేతగా నిలిపినవాడు ఆయనే. అంత మంచి కోచ్ చేతిలో కూడా భారత జట్టు ఎనిమిది మ్యాచుల్లో ఒక్కటే గెలిచింది. అదీ మాల్దీవుల మీద. మొదటి ఏడాదంతా ఆయన గోవా జట్టుకూ, దేశానికీ రెండింటికీ కోచే. రెండు సాంచాల నడుమ తిరిగేవాడు ఒకదాని మీద పోగు తెగినా చూడలేడని సిరిసిల్లలో ఎవరినడిగినా చెబుతారు. 2025 జూలైలో ఆయనా వెళ్లిపోయారు. ఆ తర్వాత వచ్చిన ఖాలిద్ జమీల్ హయాంలో, అక్టోబరులో, సింగపూర్ చేతిలో ఓడి 2027 ఆసియా కప్‌కు అర్హతే కోల్పోయాం.

హైదరాబాద్‌కు ఈ విషయంలో మాట్లాడే హక్కు ఎక్కువే ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ ఈ నగరంలో బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును ఆయన 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిపించారు. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తుగా ఓడింది. మన ఆటగాళ్లలో చాలామంది అక్కడ ఆడింది ఉత్త కాళ్లతో. ఈ రోజుల్లో అయితే విమానం దిగకముందే కోచ్‌కు ఉద్వాసన చెప్పేవారు. కానీ నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కూ జట్టును తీసుకుపోయింది రహీం సాబే. అక్కడ నాలుగో స్థానం వచ్చింది. భారత ఫుట్‌బాల్‌కు ఒలింపిక్స్‌లో అంతకు మించిన స్థానం నేటికీ రాలేదు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చారు. అప్పటికే ఒంట్లో క్యాన్సరు. మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు.

రాజీకి ఇచ్చిన ఆ 3 కోట్ల 36 లక్షలను ఇంకో విధంగా లెక్కవేసి చూడవచ్చు. బంతి వెయ్యి రూపాయలనుకుంటే 33,600 బంతులు వస్తాయి. తెలంగాణలో జిల్లాకు వెయ్యి చొప్పున 33 జిల్లాలకు పంచినా ఇంకా ఆరువందలు మిగులుతాయి. వెయ్యి బంతులు రాజన్న సిరిసిల్ల జిల్లాకు వస్తే కోనరావుపేట మండలంలో ఏ ఊరి బడికీ లేదనకుండా ఇవ్వవచ్చు. బంతి ఒక్కటే చాలదు, ఆడించడానికి డ్రిల్లు సారు కావాలి, ముళ్ల చెట్లు కొట్టేసిన జాగా కావాలి. అయినా బంతి లేనిదే ఏదీ మొదలు కాదు.

ఇంతలో హైదరాబాద్ ఎఫ్.సి. కథ కూడా ముగిసింది. ఆటగాళ్లకు జీతాలు అందక విదేశీయులు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2025లో ఆ జట్టు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. గచ్చిబౌలి స్టేడియంలో పసుపు చొక్కాలు తొడుక్కుని గొంతు చించుకున్న కుర్రాళ్లతో ఆ సంగతి ముందుగా మాట్లాడినవారు లేరు. కోచ్‌ల ఒప్పందాలను, అందులోని తొలగింపు షరతులతో సహా, బహిరంగంగా ప్రకటించాలని సమాఖ్యను అడగవలసినవారు ఆ కుర్రాళ్లే.